కష్టకాలంలో మౌన ప్రార్థన: దేవుని స్వరాన్ని గుర్తించడం ఎలా?

ప్రశ్న
అందరికీ వందనాలు. నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుండి, తెల్లవారుజామున ఇంట్లో ఎవరూ లేవకముందే మోకరించి మౌనంగా దేవుని స్వరం కోసం కనిపెడుతున్నాను. కాని మనసంతా మందులు, అప్పులు, ఆయనను పక్కకు తిప్పవలసిన వేళల చుట్టూనే తిరుగుతున్నది. మాట్లాడుతున్నది దేవుడో, నా కోరికో ఎలా తెలుసుకోవాలి?

జవాబు
సహోదరీ, బైబిలులోని మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవండి. ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద చావును కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందుగా దూత ద్వారా రొట్టె, నీళ్లు అందించి, మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబు కొండ దగ్గర గాలిలోను, భూకంపంలోను కనబడని యెహోవా, ఆ తరువాత నిమ్మళమైన స్వరంతో అతణ్ణి పలకరించి, చేయవలసిన పనిని కూడా స్పష్టంగా చెప్పాడు. కాబట్టి రోగిని చూసుకొనే మీరు తిండీ నిద్రా మానుకోవడం భక్తికి కొలత కాదని నా దృఢమైన అభిప్రాయం. మనసుకు తట్టిన మాట వాక్యానికి విరుద్ధమైతే విడిచిపెట్టండి; సందేహమైతే మీ కుటుంబాన్ని ఎరిగిన సంఘ కాపరితో పంచుకోండి.

మరొక జవాబు
88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అందులో జవాబు వినబడదు. అయినా అది ప్రార్థనగానే నిలిచింది. మందుల వేళలు గుర్తుకు వస్తే తరిమివేయకండి, వాటినే ప్రార్థనాంశాలుగా దేవునికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
వందనాలు అన్నయ్యగారూ. నాన్నగారికి మాట తడబడుతున్నా, కీర్తన చదివితే పెదవులు కదుపుతారు. రేపటి నుండి ఆయన మంచం పక్కనే ప్రార్థిస్తాను.