హిచ్ (ట్రక్కు వెనక ట్రైలర్‌ని తగిలించే అమరిక) నుంచి విప్పగానే ట్రైలర్ నాలుగు అంగుళాలు జారింది, వీల్ చాక్‌లు (టైరు దొర్లకుండా పెట్టే దిమ్మలు) ఎలాంటివి తీసుకోవాలి?

మూడోట్రిప్పు:

అందరికీ నమస్కారం. రెండు యాక్సిళ్ల ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక లాక్కెళ్లే, లోపల ఉండడానికి వీలైన బండి) కొని రెండు నెలలైంది, మొన్నటిది మూడో ట్రిప్పు. నిలిపిన చోటు చూడ్డానికి చదునుగానే ఉంది, కింద కంకర. ట్రైలర్‌తో పాటు వచ్చిన పసుపు రంగు ప్లాస్టిక్ చాక్‌లు రెండూ ఒక పక్క టైరుకే ముందొకటి వెనకొకటి పెట్టాను. లాచ్ తీసి ట్రైలర్ ముందున్న జాక్ తిప్పుతుంటే కప్లర్ (ట్రైలర్ ముందు కొసన ఉండే పట్టు) ట్రక్కు హిచ్ మీది బాల్‌ని వదలట్లేదు, ట్రక్కు వెనక భాగం కూడా దాంతో పాటే పైకి లేస్తోంది. సరే ఇంకాస్త తిప్పుదాం అని తిప్పేసరికి టప్ మని ఊడి ట్రైలర్ ఒక్క ఊపులో నాలుగు అంగుళాలు వెనక్కి పోయింది. చాక్ ఆపలేదు, టైరు తోస్తుంటే కంకర మీద జారుకుంటూ వెళ్లింది. అదృష్టం బాగుండి అక్కడితో ఆగింది. మా ఆవిడ సరిగ్గా ట్రైలర్ వెనకాలే నిలబడి ఉంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, మాట్లాడకపోవడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు నా డౌట్లు. ప్లాస్టిక్ పారేసి రబ్బరువి కొనాలా? ఎన్ని కావాలి? రెండు టైర్ల మధ్య బిగించే ఎక్స్ చాక్‌లు అని ఉన్నాయి కదా, అవి కొంటే వీటితో పనుండదా? అసలు చాక్ పెట్టాక కూడా ఎందుకు కదిలింది?

నిదానం:

మీ ఆఖరి ప్రశ్నే అసలు ప్రశ్న, కొనే సంగతి తర్వాత చూద్దాం.

ఈ ట్రైలర్లకి మామూలుగా ఉండేవి ఎలక్ట్రిక్ బ్రేకులు. ట్రక్కులోని కంట్రోలర్ కరెంట్ పంపితేనే పట్టుకుంటాయి, ప్లగ్ పీకేశాక అవి ఉన్నా లేనట్టే. హ్యాండ్ బ్రేక్ ఉన్న ట్రైలర్లూ ఉన్నాయి కానీ మీది అలాంటిది కాదని మీరు చెప్పిన తీరు చూస్తే అర్థమవుతోంది. కొంతమంది బ్రేక్‌అవే స్విచ్ పిన్ను లాగి దాన్నే పార్కింగ్ బ్రేక్‌లా వాడుతుంటారు, ఆ పని మాత్రం చేయకండి. అది ట్రైలర్ దారిలో ఊడిపోతే ఆపడానికి పెట్టింది, గంటల తరబడి అలా వదిలేస్తే బ్యాటరీ ఖాళీ అవుతుంది, బ్రేకుల్లో మాగ్నెట్లు వేడెక్కి పాడవుతాయి. అంటే కప్లర్ బాల్ మీద నుంచి లేచిన ఆ క్షణం నుంచి మీ ట్రైలర్‌ని ఆపేది చాక్ ఒక్కటే.

"చూడ్డానికి చదునుగా" అన్నారు చూడండి, కంటికి చదునుగా కనబడే చోట కూడా నూటికి రెండు వాలు ఉండొచ్చు. ఇరవై అడుగుల పొడవుకి దాదాపు అయిదు అంగుళాల తేడా, అంత ఉన్నా నిలబడి చూస్తే తెలియదు. మూడు టన్నుల ట్రైలర్ ఆ వాలులో 60 కిలోల బలంతో కిందికి లాగుతుంది. వాలు నూటికి అయిదైతే 150 కిలోలు.

అయితే మీకు జరిగింది ఒట్టి వాలు వల్ల కాదు. ట్రక్కు ఆపినప్పుడు ట్రైలర్ బాల్‌ని వెనక్కి లాగుతూనో ముందుకి తోస్తూనో ఉంటుంది, ఆ బిగువంతా కప్లర్‌లో ఉండిపోతుంది. కప్లర్ వదలకపోవడానికి కారణం అదే, ట్రక్కు వెనక భాగం లేస్తోందంటే అది హెచ్చరిక, అక్కడే జాక్ ఆపేయాలి. మీరు తిప్పుతూ పోయారు, బిగువంతా ఒకేసారి వదిలింది, ఆ కుదుపుకి తేలికపాటి చాక్ నిలబడలేదు.

నేను చేసేది చెప్తాను. ట్రైలర్ సరైన చోటికి వచ్చాక, వాలు ఉన్న వైపు చాక్‌లు టైర్లకి ఆనేలా పెడతాను, వేలు పట్టేంత సందు కూడా వదలను. తర్వాత ట్రక్కు ఎక్కి న్యూట్రల్‌లో పెట్టి, బ్రేక్ మీద కాలు మెల్లగా తీస్తాను. ట్రైలర్ కొంచెం ఒరిగి తన బరువు చాక్‌ల మీద వేసుకుంటుంది, ఆ ఒరగడం సీట్లో కూర్చుంటే తెలుస్తుంది. అప్పుడు పార్కింగ్ బ్రేక్ వేసి, ఆ తర్వాతే గేర్ పార్క్‌లో పెడతాను. దిగి రెండో వైపు చాక్‌లు కూడా పెట్టేసి అప్పుడు లాచ్ తీస్తాను. ఇలా చేస్తే కప్లర్ మామూలుగా సతాయించదు. ఇంకా పట్టుకునే ఉంటే ట్రక్కుని ఒక్క అంగుళం అటో ఇటో జరిపితే చాలు, సుత్తితో కొట్టక్కర్లేదు.

సేఫ్టీ చైన్లు మాత్రం అప్పుడే విప్పొద్దు. కప్లర్ బాల్ మీద నుంచి పైకి లేచి ట్రైలర్ కదలకుండా నిలబడిందని చూసుకున్నాకే విప్పండి. చాక్ మోసం చేసినా ట్రైలర్ ఎక్కువ దూరం పోకుండా చైన్లు పట్టుకుంటాయి. ఆ సమయంలో ట్రైలర్ వెనక ఎవరూ ఉండకూడదని మీకు మళ్లీ చెప్పక్కర్లేదు అనుకుంటా.

నల్లరబ్బరు:

చాక్ అనగానే మా నాన్నగారు "చాకు దేనికిరా టైరుకి?" అన్నారు, అప్పట్నుంచి మా ఇంట్లో వాటి పేరు అడ్డుదిమ్మలు.

ప్లాస్టిక్ పూర్తిగా పనికిరాదని నేననను. గట్టి మట్టి నేల మీద, పొడి తారు మీద మంచి సైజుది బాగానే నిలబడుతుంది. దాని ఇబ్బంది ఏంటంటే బరువు లేదు, లోపల బోలు, అడుగు నున్నగా ఉంటుంది. కంకర మీద, తడి గడ్డి మీద, సిమెంటు మీద ఇసుక పడి ఉన్నా టైరు ఎక్కి అదిమేలోపే జారిపోతుంది. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉంటే పెళుసుబారి చీలుతుంది కూడా. రబ్బరు దిమ్మ బరువుగా ఉంటుంది, నేలని పట్టుకుంటుంది, టైరు ఎక్కి తొక్కినా నలుగుతుందే గానీ విరగదు. మోయడం విసుగే, నాలుగు రబ్బరు దిమ్మలు ఒక చేత్తో తేలేను, రెండుసార్లు తిరగాలి. అయినా నా ఓటు రబ్బరుకే.

సైజు సంగతి ఎవరూ పట్టించుకోరు, అసలు తేడా అక్కడే. టైరు ఎత్తులో నాలుగో వంతన్నా చాక్ ఎత్తు ఉండాలి. మీ టైరు పక్కన రాసి ఉంటుంది చూడండి, ఎస్‌టీ 225/75ఆర్15 అయితే టైరు ఎత్తు 28 అంగుళాల పైచిలుకు, అంటే చాక్ ఏడు అంగుళాలు. ఎస్‌టీ 205/75ఆర్14 అయితే 26 అంగుళాలు, చాక్ ఆరున్నర. ట్రైలర్‌తో పాటు వచ్చే చిన్నవి మూడు, నాలుగు అంగుళాలే ఉంటాయి, అంత పెద్ద టైరుకి అది అడ్డు కాదు, చిన్న గతుకు. ఎక్కి దాటేస్తుంది. వెడల్పు కూడా టైరు వెడల్పుకి దగ్గరగా ఉండాలి, పెట్టేటప్పుడు టైరు మధ్యకి, వంకర లేకుండా పెట్టాలి. ఓ మూల మీద ఆనిస్తే టైరు తోసినప్పుడు చాక్ పక్కకి తిరిగి బయటికి వచ్చేస్తుంది.

కంకర అయితే చాక్ పెట్టే చోట బూటుతో పైన ఉన్న వదులు రాళ్లు పక్కకి నెట్టేసి, గట్టి నేల తగిలాక పెట్టండి. పావు నిమిషం పని. చెక్కవి ఇంట్లో కోసుకునేవాళ్లున్నారు, తప్పులేదు కానీ పీచు వెంట చీలకుండా చూసుకోవాలి, తడిస్తే జారతాయి. ఇటుకలు వద్దు, బరువు పడితే చెప్పకుండా పగులుతాయి.

ఎక్స్‌గాడు:

ఇంత రాద్ధాంతం ఎందుకండీ. ఆరేళ్లుగా నేను వాడేది ఎక్స్ చాక్‌లు రెండే, అటు పక్కొకటి ఇటు పక్కొకటి. రెంచితో బిగిస్తే టైర్లు రెండూ ఒకదాన్నొకటి తాళం వేసుకున్నట్టు అయిపోతాయి. లోపల నడుస్తుంటే ట్రైలర్ ఊగడం కూడా తగ్గుతుంది. కింద చాక్‌లు ఎక్కడో గ్యారేజీలో పడున్నాయి.

నిదానం:

@ఎక్స్‌గాడు, అవి మంచివే, నా దగ్గరా ఉన్నాయి. రెండు టైర్లూ ఒకే వైపు దొర్లాలంటే వాటి మధ్య ఎదురెదురుగా ఉన్న ముఖాల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి పోవాలి. మధ్యలో బిగించింది రెండిటినీ పట్టేస్తుంది, అందుకే కదలదు. మీరు చెప్పిన ఊగడం తగ్గేది కూడా అందుకే, అది కూడా ముందుకీ వెనక్కీ ఊగడమే, పక్కలకి ఊగితే దానివల్ల లాభం లేదు.

కానీ మీరు వాటిని ఎప్పుడు బిగిస్తున్నారు? టంగ్ (కప్లర్ ఉండే ట్రైలర్ ముందు భాగం) పైకీ కిందికీ కదిలినప్పుడు రెండు టైర్ల మధ్య సందు మారుతుంది, అందుకని ముందూ వెనకా లెవెల్ చేయడం పూర్తయ్యాకే బిగించాలి. లెవెల్ చేసేది హిచ్ విప్పాక. అంటే ట్రైలర్ జారే అవకాశం ఎక్కువగా ఉన్న సమయానికి ఎక్స్ చాక్ అక్కడ లేదు, లేదా ఉన్నా బిగువు సరిగా లేదు. పైగా పగలు ఎండకి ఉబ్బిన టైర్ల మధ్య బిగిస్తే రాత్రి చలికి టైర్లు కుంచించుకుని అది వదులవుతుంది, పొద్దున లేచి చూస్తే చేత్తో ఊపితే ఊగుతుంది. అలాగని బలం కొద్దీ బిగిస్తే టైర్లకీ సస్పెన్షన్‌కీ మంచిది కాదు. ఊగడం తగ్గడానికి అవి, ఆపడానికి కిందవి. రెండూ ఉండాలి.

ఎక్స్‌గాడు:

లెవెల్ చేయకముందే బిగిస్తాను నేను. పొద్దున వదులవుతుందన్నది మాత్రం నిజమే, మళ్లీ బిగిస్తుంటాను. సరే, గ్యారేజీలోవి దుమ్ము దులుపుతాను.

ఒంటియాక్సిల్:

మాది ఒకటే యాక్సిల్, ఎక్స్ చాక్ పెట్టే వీలే లేదు. ఎన్ని కావాలి అని అడిగారు కదా, నాలుగు. రెండు పక్కలా, ముందూ వెనకా. ఒక పక్కే పెడితే ఆ చక్రం ఇరుసులా మారి రెండో చక్రం దాని చుట్టూ తిరుగుతుంది, టంగ్ పక్కకి కొడుతుంది. మాకు ఓసారి జరిగింది, టంగ్ నా మోకాలిని చూసుకుని వచ్చినట్టు వచ్చింది. రెండు యాక్సిళ్లవాళ్లకి ఇది తక్కువ కావచ్చు, అయినా ఒక పక్క మాత్రమే పెట్టడం అలవాటు చేసుకోకండి.

ఇంకోటి, పక్కలకి లెవెల్ చేయడం చాక్‌ల కంటే ముందే అయిపోవాలి. ఒక పక్క చక్రాన్ని ర్యాంప్ ఎక్కించాలంటే ట్రైలర్ కదలాలి కదా. ముందు అది, తర్వాత చాక్‌లు, తర్వాత హిచ్ విప్పడం, చివర టంగ్ జాక్‌తో ముందూ వెనకా. ర్యాంప్ ఎక్కిన టైరుకి మామూలు చాక్ సరిగా కుదరదు, ఆ ర్యాంప్‌తో వచ్చే చాక్ ఉంటే అది పెట్టండి, లేదంటే నేల మీదున్న రెండో పక్క టైర్ల దగ్గర ఉన్నంతలో గట్టివి పెట్టండి. మూలల్లో దించే స్టెబిలైజర్ జాక్‌లు ట్రైలర్‌ని ఆపుతాయనుకోవద్దు, అవి ఊగకుండా ఉండడానికే, ట్రైలర్ దొర్లితే వంగిపోతాయి.

మూడోట్రిప్పు:

అందరికీ థ్యాంక్స్. ఏడు అంగుళాల రబ్బరువి నాలుగు కొన్నాను, నిన్న వచ్చి దిగాం. @నిదానం గారు చెప్పినట్టే న్యూట్రల్‌లో పెట్టి కాలు తీశాను, ట్రైలర్ కొంచెం ఒరిగి ఆగింది, లాచ్ వేలితో లేచింది. టెన్షన్ పోయింది. మా ఆవిడ ఈసారి పక్కకి పది అడుగుల దూరంలో నిలబడి వీడియో తీసింది, నా మీద నమ్మకం అంతవరకూ వచ్చింది.

కానీ ఇప్పుడు కొత్త సమస్య. రేపు పొద్దున బయల్దేరాలి, ఇప్పుడే చూస్తే వెనకవైపు రెండు చాక్‌లు టైర్ల కింద ఇరుక్కుపోయి ఉన్నాయి, కాలితో తన్నినా కదలట్లేదు.

నల్లరబ్బరు:

తన్నకండి. అవి ఇరుక్కున్నాయంటే పని చేస్తున్నాయని అర్థం. హిచ్‌కి తగిలించకుండా వాటిని పీకే ప్రయత్నమే చేయొద్దు, వస్తే మీకే ప్రమాదం.

రేపు పొద్దున ముందు ట్రక్కు తగిలించండి, లాచ్ పడిందా, పిన్ను వేశారా, చైన్లు, ప్లగ్ అన్నీ చూసుకుని స్టెబిలైజర్లు ఎత్తేయండి. ముందువైపు చాక్‌లు తీసేయండి. అప్పుడు ట్రక్కుని ఒక్క అంగుళం ముందుకి లాగి బ్రేక్ వేసి పార్క్‌లో పెడితే వెనకవి వాటంతటవే వదులవుతాయి. ఒక్కో చాక్‌కి గజం పొడవు తాడు కట్టుకోండి, టైరు దగ్గర చేతులు పెట్టకుండా దూరం నుంచే లాగొచ్చు.

ఒంటియాక్సిల్:

తాడుతో పాటు ఇదొకటి. నేను చాక్‌లు పెట్టుకునే ఖాళీ సంచిని, అవి టైర్ల కింద ఉన్నంతసేపూ డ్రైవర్ సీట్లో పడేసి ఉంచుతాను. సంచి సీట్లో ఉందంటే చాక్‌లు కిందే ఉన్నాయి. ఈ అలవాటు రాకముందు రెండు ప్లాస్టిక్ చాక్‌లు తొక్కించి పొడి చేశాను, ఆ ముక్కలు ఏరడానికి పట్టిన సేపు పక్క ట్రైలర్ వాళ్లు కాఫీ తాగుతూ చూశారు.

మూడోట్రిప్పు:

వచ్చేశాయి. ఒక్క అంగుళం లాగగానే రెండూ వదులయ్యాయి. సంచి లేదు గానీ బకెట్ ఉంది, అది పెట్టాను సీట్లో.