మూలకణ మార్పిడి తరువాత బాపు సరిగా తినడం లేదు, అయినా బరువు పెరుగుతోంది: ఏం పెట్టాలి?

మిర్యాలగూడ నుంచి అడుగుతున్నవారు: మా బాపుకు ఇటీవల మూలకణ మార్పిడి (రక్తాన్ని తయారుచేసే కణాలను కొత్తగా ఎక్కించడం) జరిగింది. ఆసుపత్రిలో చేరినప్పుడు 68 కిలోలున్న మనిషి 61కి దిగిపోయారు. నోటి పుండ్లు మానినా రుచి తెలియడం లేదంటూ రెండు ముద్దలకే కంచం పక్కకు జరుపుతున్నారు. అయినా ఈ వారంలో బరువు 64న్నర చూపిస్తోంది. మా తోట బత్తాయిల రసం రోజుకు నాలుగైదు గ్లాసులు ఇస్తున్నాం. రాత్రంతా వెతికినా ఒకచోట పెరగడం మంచిదని, మరొకచోట కాదని ఉంది. ఇంకేం పెడితే బలం వస్తుందో దయచేసి ఎవరైనా స్పష్టంగా చెప్పండి.

ఒక నర్సు: కణాలు ఆయనవేనా, దాతవా? స్టెరాయిడ్ వాడుతున్నారా? తినని మనిషి వారంలో మూడు కిలోలకు మించి పెరిగితే అది కండ కాదు, నీరు. కాళ్లు, పొట్ట చూడండి.

దేవరకొండ పెద్దాయన: పెద్ద జబ్బు నుంచి లేచినవారికి పథ్యమే మందు. కొంతకాలం గుడ్డు, పప్పు, మాంసం మానిపించి చారన్నం, బీరకాయ కూర మాత్రమే పెట్టండి నాయనా.

మహబూబ్‌నగర్ డైటీషియన్: పెద్దలు మన్నించాలి, ఈ రోగికి ఆ పథ్యం హాని చేస్తుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే ఈయనకు 75 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి కాబట్టి చారన్నంతో ఆ లెక్క ఎన్నటికీ చేరదు. పూర్తిగా ఉడికిన గుడ్డు, మెత్తటి పప్పు, బాగా ఉడికిన కోడికూర, కాచిన పాలు కొద్దికొద్దిగా ఆరేడుసార్లు పెట్టండి. బత్తాయి రసంతో పొట్ట నిండుతుంది గానీ కండ పట్టదు. పైగా సైక్లోస్పోరిన్ (దాత కణాలు రోగి ఒంటిపై దాడి చేయకుండా ఇచ్చే మందు) వాడుతుంటే రక్తంలో పొటాషియం పెరిగే వీలుంది, అందుచేత రసం ఎంత ఇవ్వాలో డాక్టరునే అడగండి. పంపరపనస మాత్రం అసలు వద్దు, అది ఆ మందు మోతాదును రక్తంలో పెంచేస్తుంది.

మునుగోడు ఉపాధ్యాయుడు: తిండి గురించి ఇంత మాట్లాడుతూ నీటిని మరిచారు. మన నల్లగొండ బోరు నీటిని కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు ఎవరికీ మంచిది కాదు. మిషన్ భగీరథ నీటినే కాచి, చల్లార్చి ఇవ్వండి.

దేవరకొండ పెద్దాయన: పచ్చివి పెట్టవద్దని డాక్టర్లే అంటారు కదా, అది పథ్యం కాక మరేమిటి?

మహబూబ్‌నగర్ డైటీషియన్: పచ్చివి వద్దనే ఆ నిషేధాల పట్టిక పాటించినవారిని, శుభ్రంగా వండిన మామూలు భోజనం తిన్నవారిని పోల్చి చూసిన అధ్యయనాల్లో ఇన్ఫెక్షన్లు తగ్గినట్లు తేలలేదు. చేతుల శుభ్రత, కడగడం, వేడివేడిగా వడ్డించడం, నిలవది పెట్టకపోవడం ముఖ్యం. భయంతో ఒక్కొక్కటే మానిపిస్తూ పోతే చివరికి మిగిలేది ఆకలే.

మిర్యాలగూడ నుంచి అడుగుతున్నవారు: మా బాబాయి కణాలు ఇచ్చారు, ఇందాక రాయాల్సింది. స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ రెండూ ఉన్నాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆసుపత్రి దగ్గరే గది తీసుకున్నాం కాబట్టి బోరు నీరు తాగడం లేదు. నొక్కితే పాదాలపై గుంట పడుతోంది. బాపు అంబలి అడుగుతున్నారు, ఇవ్వవచ్చా?

ఒక నర్సు: అంబలి సంగతి తరువాత, ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. మార్పిడికి ముందు ఇచ్చే తీవ్రమైన మందుల వల్ల కొందరిలో కాలేయంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. అప్పుడు బరువు ఐదు శాతానికి మించి పెరగడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, పొట్ట ఉబ్బు, కళ్లు పచ్చబడటం కనిపిస్తాయి. ఎక్కువగా మొదటి మూడు వారాల్లో వచ్చినా, ఆలస్యంగానూ రావచ్చు. స్టెరాయిడ్ వల్ల కూడా నీరు నిలుస్తుంది. ఏదన్నది పరీక్షలే తేల్చాలి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లాక, తినకముందు, ఒకే యంత్రంపై తూచి రాసిపెట్టండి.

మహబూబ్‌నగర్ డైటీషియన్: రాత్రంతా పులిసిన అంబలి ఇప్పుడు వద్దు. అప్పటికప్పుడు వండిన జొన్న గట్క మెత్తగా చేసి, డాక్టరు సరేనంటే పెట్టండి. స్టెరాయిడ్ కండను కరిగిస్తుంది, కాబట్టి ఓపిక ఉన్నంత మేరకు గదిలోనే నడిపించండి.

మిర్యాలగూడ నుంచి అడుగుతున్నవారు: ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. రక్తపరీక్షలు, పొట్ట స్కానింగ్ రాశారు. రసం ఆపాం. అందరికీ ధన్యవాదాలు.