‘రాజీ’: ఎవరు ఒప్పుకుంటే అయినట్టు?

మా పరకాల దిక్కు పంచాయితీ తెగితే "రాజీ అయింది" అంటారు. ఈ మాట ఉర్దూ నుంచి మనకొచ్చింది, మూలం అరబీ. అక్కడ రాజీ అంటే ఇష్టపడి ఒప్పుకున్న మనిషి. "మియా బీవీ రాజీ తో క్యా కరేగా కాజీ" అని వరంగల్‌లో ఇప్పటికీ వింటాం. ఇద్దరికీ ఇష్టమైతే నిఖా చేసే కాజీ మాత్రం ఏం చేస్తాడని. అదే మాట తెలుగులో ‘పడటం’ పక్కన చేరి, తగ్గడం అయిపోయింది. రాజీనామా కూడా చూడండి, ఉర్దూలో ఒప్పుదల పత్రం, మనకేమో కొలువు వదిలే కాగితం.

నాకు పదేళ్లప్పుడు మా వాకిట్లో ఒక పంచాయితీ జరిగింది. భర్త కొట్టిన ఆమె తలుపు చాటునే నిలబడింది. పెద్దమనుషులు అంతా మాట్లాడుకున్నాక పిలిచి వేలిముద్ర వేయించుకున్నారు. సిరా కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పోయింది. నీకిష్టమేనా అని ఒక్కరూ అడగలేదు. దాన్నీ రాజీ అన్నారు.

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు: అక్కా, లోక్ అదాలత్‌లో "రాజీ మార్గమే రాజమార్గం" అంటారు కదా. కొట్లాట ఆగడం మంచిదే కదా? 2004లో సర్కారుకు, నక్సలైట్లకు శాంతి చర్చలప్పుడు మా ఇంట్లో రోజూ రేడియో దగ్గరే కూర్చునేవాళ్లు.

నా జవాబు: ఆగాలి తమ్మీ. కానీ యుద్ధం ఆపే బల్ల దగ్గర కూర్చునేది తుపాకులున్నవాళ్లే. అత్యాచారాలకు గురైన ఆడవాళ్లు, ఊరి నుంచి తరిమేసిన గే, ట్రాన్స్ మనుషులు ఏ పక్షం? ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2000లో 1325వ తీర్మానం చేసి శాంతి చర్చల్లో ఆడవాళ్లు ఉండాలంది. అందులో ఎల్‌జీబీటీ వాళ్ల ఊసు లేదు. కొలంబియాలో సర్కారుకు, ఫార్క్ గెరిల్లాలకు జరిగిన చర్చల్లో మాత్రం 2014లో జెండర్ ఉపసంఘం పెట్టి ఆడవాళ్ల మాటా, ఎల్‌జీబీటీ వాళ్ల మాటా విన్నారు. 2016 అక్టోబరులో జనం ఓటుకు పెడితే ఒప్పందం కొద్ది తేడాతో ఓడింది. ఆ జెండర్ మాటల మీద జరిగిన ప్రచారమూ ఒక కారణం. నవంబరులో సవరించి సంతకాలు చేశారు, కొన్ని మాటలు మెత్తబడ్డాయి. నాకు బాధ అనిపించేది అక్కడే.

కాజీపేట నుంచి ఒక అక్క: నేను ట్రాన్స్ మహిళను. ఆడబట్టల్లో కనబడితే మమ్మల్ని వారెంటు లేకుండా పట్టుకోవచ్చని నిజాం కాలంలో 1329 ఫస్లీలో (ఫస్లీ అప్పటి ఏడాది లెక్క, మనకు 1919) చట్టం చేశారు. తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. అది రాసినప్పుడూ మమ్మల్ని అడగలేదు. మా ఇంట్లోనూ అంతే. జుట్టు కత్తిరించుకుంటే ఇంటికి రానిస్తామన్నారు, మా మామ దానికి రాజీ అని పేరు పెట్టాడు. మీరు చెప్పిన పాత అర్థంలోనే అంటున్నా: నేను రాజీ కాలేదు.