నాన్న చితాభస్మానికి కలశం ఎలాంటిది తీసుకోవాలి?

వానచుక్క:

నాన్న పోయి ఏడు వారాలైంది. దహనం తర్వాత వాళ్లిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే భస్మం ఇంకా ఉంది. లోపల దళసరి కవరు, డబ్బా మీద నంబరు వేసిన స్టిక్కరు. నాన్న గదిలో బీరువా పై అరలో, ఆయన స్వెటర్ల పక్కన పెట్టాను. బీరువా తీసినప్పుడల్లా ముందు ఆ నంబరే కంటపడుతుంది. చూసిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

అమ్మకి ఇత్తడి కలశం కావాలి, తను కూర్చునే చోటికి ఎదురుగా ఉండాలంటోంది. తమ్ముడు ఉండేది వేరే దేశంలో. వచ్చే నెల తిరిగి వెళ్తూ కొంచెం భస్మం తీసుకెళ్తానంటున్నాడు. నాకేమో కొంత ఒక మొక్క మొదట్లో కలపాలని ఉంది. గొడవేం పడలేదు. కానీ ఎవరం ముందు మాటెత్తలేక రోజులు నెట్టుకొస్తున్నాం. ఇలా మూడు చోట్ల పెడితే నాన్నని పంచుకున్నట్టు అవుతుందేమోనని నాకు లోపల ఒకటే బాధ.

ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ పావురాలు, గులాబీలు, రెక్కలు చెక్కినవే. ఏదీ మా నాన్నకి నప్పేలా లేదు. ఆయన ఏ బల్బు మార్చినా దాని మెడ దగ్గర తెల్ల ప్లాస్టిక్ మీద సన్న మార్కర్‌తో ఆ రోజు తేదీ వేసేవారు. గోడగడియారం సెల్లు మీద, వాటర్ ఫిల్టర్ మీద, చిన్నప్పుడు నా పెన్సిల్ బాక్సు అడుగున కూడా. 7 వేస్తే నడుం మీద చిన్న అడ్డగీత తప్పనిసరి. అలాంటి మనిషి గుర్తుగా ఏం పెట్టాలి? సైజు ఎంత ఉండాలి? ఇత్తడి నల్లబడదా? తెలిసినవాళ్లు చెప్పండి.

నీలిగళ్ల చొక్కా:

ముందు సైజు సంగతి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మా అత్తయ్య పోయినప్పుడు ఫొటోలో అందంగా ఉందని ఒక పింగాణీ కలశం తెప్పించాను. నింపుతుంటే సగం కవరు మిగిలిపోయింది. ఆ మిగిలినదాన్ని చేతిలో పట్టుకుని వంటగదిలో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

పెద్దవాళ్లకని అమ్మే కలశాల్లో సాధారణంగా 200 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 3.3 లీటర్లు పడుతుంది. మనిషి బరువు కిలోకి సుమారు 36 మిల్లీలీటర్ల చొప్పున వేసుకోవచ్చు, 70 కిలోలైతే రెండున్నర లీటర్లు. మీ నాన్నగారు జబ్బుతో చిక్కిపోయి ఉంటే అంతకు ముందు బరువు లెక్కలోకి తీసుకోండి. మిగిలేది ఎముకల ఖనిజం, కండ తగ్గినంత మాత్రాన అది తగ్గదు.

ఇంకోటి కూడా ముందే తెలిసి ఉంటే మంచిది. కట్టెల బూడిదలా మెత్తగా ఉంటుందనుకున్నాను. కాదు. దహనం తర్వాత ఎముకలని మరలో పొడి చేస్తారు కాబట్టి ముతక ఇసుకలా, అనుకున్నదానికంటే బరువుగా ఉంటుంది. ఫ్యాన్ ఆపి, కింద శుభ్రమైన గుడ్డ పరిచి, వెడల్పు మూతి గరాటుతో నెమ్మదిగా పోయండి. పక్కన ఒక మనిషి ఉండాలి. ఒక్కరే చేయొద్దు చెల్లీ.

ఉలిచప్పుడు:

ఇరవై రెండేళ్లుగా రాయి మీద, లోహం మీద అక్షరాలు చెక్కడమే నా పని. ఇత్తడి గాలికి నల్లబడుతుందమ్మా, అందుకే చాలావాటికి పైన పారదర్శకమైన పూత వేస్తారు. పూత ఉన్నదాన్ని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పాలిష్ పెట్టి రుద్దితే పూత లేచిపోయి మచ్చలు పడతాయి. మీ అమ్మగారిని ఒక మాట అడగండి. కొందరికి వారం వారం తోమి మెరిపించుకోవడంలోనే ఓదార్పు ఉంటుంది, వాళ్లకి పూత లేనిదే మంచిది. మూత మర బిగించేదిగా ఉండాలి, ఊరికే పైన పెట్టేది వద్దు.

బయట స్మారక ఫలకం పెట్టే ఆలోచన ఉంటే గ్రానైట్ తీసుకోండి. పాలరాయి చూడ్డానికి చల్లగా ఉంటుంది గానీ వానలోని ఆమ్లానికి ఏళ్లు గడిచేకొద్దీ అక్షరాల అంచులు అరిగిపోతాయి. నిమ్మరసం, వెనిగర్ లాంటివాటితో తుడిస్తే మరీ త్వరగా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. బొమ్మ ఎందుకు, మీ నాన్నగారి చేతిరాతే చెక్కించండి. ఆయన వేసిన అంకెలని మంచి వెలుతురులో, ఎదురుగా పెట్టి ఫొటో తీసివ్వండి, లేజర్‌తో ఆ గీత ఆ వంపుతోనే వస్తుంది. కలశం మీద నేరుగా కాకుండా విడి పలక మీద చేయించి బిగిస్తే, ఏదైనా తప్పు పడినా పలక మార్చుకుంటే సరిపోతుంది. చెక్కే ముందు నమూనా కాగితం మీద తెప్పించుకుని ఇద్దరు వేర్వేరుగా చదవండి. దుఃఖంలో ఉన్న కళ్లు తేదీల్లో తప్పుని దాటేస్తాయి, నేను చాలాసార్లు చూశాను.

కిటికీ పక్క సీటు:

తమ్ముడికి చెప్పండి: విమానంలో తీసుకెళ్లేది చెక్కదో, దళసరి అట్టదో అవ్వాలి. లోహం, రాయి అయితే స్కానర్‌లో లోపలేముందో కనిపించక ఆపేయవచ్చు. మరణ ధ్రువపత్రం, దహనం చేసినట్టు ఇచ్చిన పత్రం చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ఎయిర్‌లైన్స్‌నీ, వెళ్లే దేశపు ఎంబసీనీ ముందే అడిగి పెట్టుకుంటే ఆ రోజు టెన్షన్ ఉండదు.

మొక్క విషయం కూడా. భస్మంలో క్షారం, ఉప్పు బాగా ఎక్కువ. గుంతలో గుమ్మరించి దానిమీదే మొక్క నాటితే వేర్లు మాడిపోతాయి. ఆ మొక్క చచ్చిపోతే మీరు తట్టుకోలేరు. కొంచెమే తీసుకుని చాలా మట్టిలో పల్చగా కలపండి, మొదలుకి దూరంగా.

పంచుకోవడం గురించి భయపడొద్దు. మా అమ్మ కొంచెం నా దగ్గర, కొంచెం అక్క దగ్గర ఉంది. ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటున్నప్పుడు ఆవిడ రెండు వైపులా ఉన్నట్టే అనిపిస్తుంది నాకు.

వానచుక్క:

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మకి, తమ్ముడికి చదివి వినిపించాను. ఏడు వారాల్లో మొదటిసారి ముగ్గురం నాన్న గురించి కూర్చుని మాట్లాడుకున్నాం.

అమ్మ పూత లేని ఇత్తడే అంది, తనే తోముకుంటుందట. తమ్ముడికి చిన్న చెక్కపెట్టె. నాకు రెండు చెంచాలంత, కుండీలో మట్టితో కలపడానికి.

తర్వాత పలక కోసం అంకెలు వెతకడం మొదలుపెట్టాం. ఆయన పుట్టిన తేదీ, పోయిన తేదీ రెండూ ఆయన చేతి అంకెలతోనే కూర్చాలని తమ్ముడి ఆలోచన. వాడు స్టూలెక్కి ఒక్కో బల్బు విప్పి ఇస్తుంటే నేను ఫొటోలు తీశాను. హాల్లో 2, 0, 1 దొరికాయి. మెట్ల దగ్గర దాని మీద 4, అడ్డగీత ఉన్న 7. ఎంత వెతికినా 9 మాత్రం దొరకలేదు. అమ్మ ఏమీ అనకుండా లేచి గోడగడియారం దించి వెనక్కి తిప్పింది. సెల్లు మీద ఉంది, సగం చెరిగిపోయి, తోక మాత్రం స్పష్టంగా.

నమూనా కాగితం ఎల్లుండి వస్తుంది. మేం ముగ్గురం విడివిడిగా చదువుతాం.