మా ల్యాబ్రడార్ కుక్కకి కిడ్నీలు పోయాయి... "ఇంక చాలు" అని ఎప్పుడనుకోవాలి?

రాణి వాళ్ళ అన్నయ్య, విజయవాడ

అందరికీ నమస్తే. మా రాణి ల్యాబ్రడార్, వచ్చే సంక్రాంతికి పన్నెండేళ్ళు నిండుతాయి. ఎండాకాలంలో నీళ్ళు తెగ తాగడం, రాత్రిళ్ళు హాల్లోనే పోసేయడం మొదలైంది, తర్వాత వాంతులు. రక్తం టెస్ట్ చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన చెత్త) 7.8 వచ్చింది, స్కాన్‌లో రెండు కిడ్నీలూ చిన్నగా ముడుచుకుపోయాయన్నారు. డ్రిప్ పెట్టిస్తే 5.6కి దిగింది, ఇంట్లో ఇక పండగే అనుకోండి, ఆపేసిన కొన్నాళ్ళకే మళ్ళీ 8 దాటేసింది. ఇప్పుడు ఇంట్లోనే రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కిస్తున్నాను, వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్ వేస్తున్నాం. నోట్లో పుళ్ళు, ఒకటే వాసన. గిన్నె వంక చూడదు, చేత్తో పెడితే పెరుగన్నం రెండు ముద్దలు తింటుంది, అదీ అమ్మ పెడితేనే.

ఇదంతా చూస్తే నిర్ణయం తేలికే అనిపిస్తుంది కదా, కానీ నిన్న సాయంత్రం నాన్నగారి స్కూటర్ చప్పుడు వినపడగానే లేచి గేటు దాకా వెళ్ళి తోక ఊపింది. అలాంటిదానికి ప్రాణం తీసే ఇంజెక్షన్ చేయించడమా అని గుండె ఆగినంత పనైంది. తెల్లారేసరికి మళ్ళీ బాత్రూం గచ్చు మీద పడుకుని, పిలిచినా కళ్ళెత్తదు.

అమ్మేమో దాని ఆయుష్షు ఎంతుంటే అంత, తీసేయడానికి మనమెవరం అంటుంది. నాన్నగారు ఏమీ మాట్లాడరు. డాక్టర్‌ని అడిగితే మీ ఇష్టమండీ అంటారు. నెట్‌లో చూస్తే అందరూ ఒకటే మాట, "టైమొచ్చినప్పుడు అదే మీకు చెప్తుంది" అని. మా రాణి ఏమీ చెప్పట్లేదండి. మీరెలా తేల్చుకున్నారు?

గన్నవరం వెట్

చిన్న జంతువుల ప్రాక్టీస్ నాది. రాణిని చూడకుండా ఇంత దూరం నుంచి "చేయించండి, వద్దు" అని చెప్పను, కానీ మీరు రాసిన నంబర్లు ఏం చెప్తున్నాయో చెప్తాను.

కుక్కల్లో క్రియాటినిన్ 5 దాటితే కిడ్నీ జబ్బులో నాలుగో స్టేజ్, అంటే ఆఖరిది. డ్రిప్‌తో 5.6కి దిగింది కదా, అది కిడ్నీ కోలుకుని దిగింది కాదు, ఒంట్లో నీరు పెరిగి రక్తంలో పేరుకున్న చెత్త కొంత బయటికి పోయింది అంతే. అదే ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ లాంటిదై, హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ అయితే నేనింకా పోరాడమనే చెప్పేవాడిని, అవి కొన్ని తిరిగి లేస్తాయి. స్కాన్‌లో ముడుచుకుపోయినవి లేవవు. ఇంకో డాక్టర్‌కి ఒకసారి రిపోర్టులు చూపించి ఇది పాతదే అని తేల్చుకోండి, తర్వాత అనుమానం మిగలకుండా ఉంటుంది.

తోక విషయం. కుక్క తోక ఊపితే మీరంటే ఇష్టం ఉందని అర్థం, బాధ లేదని కాదు. టేబుల్ మీద నిలబడే ఓపిక లేని కుక్కలు కూడా ఓనర్ గొంతు వినగానే తోక ఆడిస్తాయి, నేను రోజూ చూస్తాను. ఈ జబ్బులో కుయ్ కుయ్‌మని ఏడ్చే నొప్పి కంటే ఎడతెగని వికారం ఎక్కువ. పెదాలు నాక్కోవడం, చొంగ, గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి తల తిప్పుకోవడం, చల్లటి గచ్చు వెతుక్కోవడం, ఇవన్నీ అదే. కాబట్టి "అదే చెప్తుంది" అనే మాట నేను నమ్మను. ల్యాబ్రడార్ లాంటి తిండిపోతు తిండి మానేసిందంటే ఎప్పుడో చెప్పేసినట్టే లెక్క.

ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ వెటర్నరీ డాక్టర్ 2004లో ఒక స్కేల్ ఇచ్చారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అనేది, ఒక్కోదానికి 10 మార్కులు, మొత్తం 35 దాటితే పర్లేదని. మంచిదే, కానీ ఇంట్లో ఒక్కరే వేస్తే ఆ రోజు వాళ్ళ మనసు ఎలా ఉందో అలా పడతాయి మార్కులు. ముగ్గురూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా వేయండి. అమ్మగారితో కూడా వేయించండి, ముఖ్యంగా.

ఇంకోటి, ఆన్‌డాన్‌సెట్రాన్ సరిపోవట్లేదేమో, వాంతులకే ఇచ్చే ఇంకో మందు మారోపిటెంట్ గురించి మీ డాక్టర్‌ని అడగండి. మెడికల్ షాపులో అడిగి ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దు, ఉన్న కాస్త కిడ్నీ కూడా పోతుంది.

కాకినాడ లక్ష్మి

డాక్టర్ గారి మాట కాదనట్లేదు గానండి, అమ్మగారిని అందరూ కలిసి ఒప్పించాలన్నట్టు మాట్లాడకండి. మా పమేరియన్‌కి గుండె జబ్బు, వాల్వు లీకు, దాన్ని మేం ఇంట్లోనే పంపించాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా లాసిక్స్, ఇంకా గుండెకి మాత్రలు, నిద్రపోతుండగా నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టి 30 దాటితే ఫోన్ చెయ్యమన్నారు డాక్టరు గారు, చేసేవాళ్ళం. ఆఖరి రోజు కూడా ఇడ్లీ తిని మా అత్తగారి కాళ్ళ దగ్గర పడుకుంది, అలాగే పోయింది. ఇంజెక్షన్ అవసరం పడలేదు. అందరికీ అదొక్కటే దారి అన్నట్టు చెప్తే నాకు కోపం వస్తుంది, ఈమధ్య ముసలి కుక్కని చూడగానే "పంపించేయండి" అనేవాళ్ళు ఎక్కువైపోయారు కూడానూ.

గన్నవరం వెట్

లక్ష్మి గారూ, మీ కుక్క ఆఖరి దాకా తింది, దాని ఊపిరి మీ అదుపులో ఉంది. అలా ఉంటే నేనూ ఆగమనే చెప్తాను. కిడ్నీతో పోవడం అలా ఉండదండి. వికారం ముదిరి, నోరు పుండై, చివర్లో ఫిట్స్ రావచ్చు, అదీ అర్ధరాత్రి వస్తే అందుబాటులో ఎవరూ ఉండరు. అమ్మగారు "సహజంగా" అన్నప్పుడు వాళ్ళ కళ్ళ ముందు కదిలేది మీ పమేరియన్ లాంటి చావు. రాణికి రాబోయేది ఏదో ఎవరో ఒకరు ఆవిడకి కూర్చోబెట్టి చెప్పాలి, తర్వాత ఆవిడ ఏమన్నా గౌరవించాల్సిందే.

ఉప్పల్ పోరడు

అన్నా, మాది రాట్‌వైలర్ ఉండె, ముందు కాలికి బోన్ క్యాన్సర్. నేనైతే లెక్కలు గిట్ల వేయలే. దానికి బాగ ఇష్టమైన మూడు పనులు రాసి ఫ్రిజ్‌కి అంటించిన: బాల్, కార్ల కిటికీ కాడ కూసునుడు, కొరియర్ పోరడు వస్తే మొరుగుడు. రెండు పోతే ఫోన్ చేద్దామని ఇంట్ల అందరం ముందే ఒప్పుకున్నం. కొరియర్ వచ్చినా పండుకునే ఉన్నది ఒకరోజు, ఆ రోజు ఎవ్వరం కొట్లాడలే, కాగితమే చెప్పింది. డేట్ పెట్టుకున్నంక కూడ మస్తు డౌటొస్తది, ఇంకో వారం ఆగుదామా అని, అది వస్తనే ఉంటది.

ఇంటికొచ్చి చేసేటోళ్ళు ఉంటరు, ముందే మాట్లాడుకో. పొద్దుగాల్నే పెట్టుకో, డబ్బులు కూడ ముందే ఇచ్చెయ్, అయినంక పర్సు తీసుడు మస్తు కష్టం. ఫస్ట్ మత్తు ఇస్తరా అని అడుగు, ఇయ్యం అంటే ఇంకో డాక్టర్‌ని చూస్కో. హైదరాబాద్ల ఐతే ఫతుల్లాగూడల పెట్ క్రిమేషన్ ఉంది, మీ దిక్కు ఏముందో కార్పొరేషన్ల అడుగు. పాతిపెడితే లోతుగ తవ్వియ్యాలె, నాలుగడుగులన్న ఉండాలె, ఒంట్ల మందు ఉంటది కదా, వేరే కుక్కలు తోడితే వాటికీ డేంజరే.

రాణి వాళ్ళ అన్నయ్య, విజయవాడ

అందరికీ థాంక్సండి. మార్కులు వేశాం. నావి 28, నాన్నగారివి 31. అమ్మ మొదట వేయనంది, రాత్రి వంటింట్లో కూర్చుని వేసింది, 19. అందరికంటే తక్కువ. దాన్ని రోజంతా చూసేది తనే కదా. కాగితం నా చేతిలో పెట్టి "పొద్దున్నపూట అయితే చేయించు, చీకట్లో వద్దు" అంది, అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గురువారానికి డాక్టర్ ఇంటికి వస్తానన్నారు.

డాక్టర్ గారూ రెండు ప్రశ్నలు. ఆ టైంలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే అమ్మకి చెప్తాను. రెండోది నాన్నగారిది, ఇన్ని రోజుల్లో ఆయన అడిగిన ఒకే ఒక్క మాట, కిడ్నీ డైట్ అని నెలల తరబడి మాన్పించిన చికెన్ బుధవారం పెట్టొచ్చా అని.

గన్నవరం వెట్

ముందు కండకి మత్తు ఇస్తారు, పది పదిహేను నిమిషాల్లో గాఢంగా మగతలోకి జారుతుంది. తర్వాత నరానికి థయోపెంటోన్ లాంటి మత్తుమందే ఎక్కువ మోతాదులో, ఊపిరి, గుండె రెండు మూడు నిమిషాల్లో ఆగుతాయి. కళ్ళు మూసుకోవు, తెరిచే ఉంటాయి. ఆగిపోయాక కూడా ఒకటి రెండుసార్లు ఎగశ్వాస వచ్చినట్టు ఉండొచ్చు, మూత్రం పోవచ్చు. అది బతికుండి కాదు, అమ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి, లేకపోతే భయపడతారు. నీరసించిన కుక్కకి నరం దొరకడం కష్టం, క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) ముందురోజే పెట్టించేస్తే ఆ టైంలో గుచ్చి గుచ్చి చూసే పని ఉండదు.

చికెన్ పెట్టండి. ఉప్పు కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించి, ఎముకలు తీసేసి. వాంతుల మాత్ర ఓ గంట ముందు వేసి కొంచెం కొంచెంగా పెట్టమనండి, ఒకేసారి పెడితే కక్కేస్తుంది. తినకపోతే బలవంతం చేయొద్దు, ఆ ఉడికించిన నీళ్ళైనా చల్లార్చి పెట్టి చూడమనండి నాన్నగారిని, చాలా కుక్కలు అవి తాగుతాయి.