జాత్యహంకారం: ఇందులో అహంకారం ఎవరిది?

మా మేనకోడలు అమెరికాలో చదువుతోంది. క్లాసులో క్రిటికల్ రేస్ థియరీ చెబుతున్నారట; రేసిజం మనుషుల మనసుల్లోనే కాదు, చట్టాల్లోనూ రూళ్లలోనూ ఉంటుందనే సిద్ధాంతం అది. ఆ పాఠాన్ని మా అన్నయ్యకు తెలుగులో వివరించబోయి, రేసిజాన్ని 'జాత్యహంకారం' అందట. ఆ మాట దగ్గరే ఆగిపోయి నాకు ఫోన్ చేసింది: "అత్తా, ఈ కేసులో అహంకారం ఎవరిది?"

కేసు జనరల్ మోటార్స్‌ది. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకే తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చింది. వెనక చేరినవాళ్లను ముందు తీసేయాలన్న సీనియారిటీ రూలు ప్రకారం, 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరి ఉద్యోగాలూ పోయాయి. రూల్లో రంగు ఊసే లేదు. అయిదుగురు కోర్టుకెళ్లారు. కంపెనీ అంతకుముందే తెల్ల ఆడవాళ్లను తీసుకుంది గనక స్త్రీ వివక్ష లేదనీ, రంగునూ ఆడతనాన్నీ కలిపి దావా వేయడం కుదరదనీ 1976లో కోర్టు తేల్చింది. 1989లో న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్‌షా 'ఇంటర్‌సెక్షనాలిటీ' (రంగు, ఆడతనం లాంటివి ఒకే మనిషి మీద కలిసి పనిచేయడం) అన్న మాట తెచ్చింది ఇలాంటి తీర్పులను చదివే; వాటిలో ఇదొకటి.

అహంకారం మనసులో ఉండేది. ఈ పాఠమేమో రూల్లో చూడమంటుంది. అక్కడి చాలా విశ్వవిద్యాలయాల్లో పూర్వ విద్యార్థుల పిల్లలకు అడ్మిషన్లో మొగ్గు ఉంటుంది. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో 1962 దాకా నల్లవాళ్లకు ప్రవేశమే లేదు. అలాంటి కాలంలో తాతలు ఎక్కడ చదవగలిగారో చూసుకుంటే, ఆ మొగ్గు ఎవరి మనవలకు అందుతుందో తెలుస్తుంది. అడ్మిషన్ గుమాస్తా ఎంత మంచివాడైనా సరే.

ఒకరి జవాబు: 'జాత్యహంకారం' బదులు 'జాతి వివక్ష' ఉంది కదండీ?

నేను: మేలేనండీ, పత్రికల్లో బాగా నలిగిన మాట కూడా. కానీ వివక్ష అనగానే చూపినవాడెవడని వెతుకుతాం.

మరొకరి జవాబు: అమ్మా, నాకు 'జాతి' దగ్గరే చిక్కు. 'జన్' ధాతువు, పుట్టుకతో వచ్చేదని అర్థం. మేలుజాతి ఎద్దులంటాం. రేస్ అనేది సమాజమూ చట్టమూ కలిసి తయారుచేసిందని కదా ఆ సిద్ధాంతం! పైగా జాతీయ జెండాలోదీ ఆ జాతే.

నేను: నిజమే మాస్టారూ. దానికి నా దగ్గర వేరే మాట లేదు. మా మేనకోడల్ని మాత్రం రెండో సగం మార్చి 'జాతి హెచ్చుతగ్గులు' అనమన్నాను. కులాల హెచ్చుతగ్గులని ఊళ్లో ఎప్పటినుంచో అంటున్నదే. అది ఉన్న తీరును చెబుతుంది, ఒక మనిషిని వేలెత్తి చూపదు. మా అన్నయ్యకు ఈసారి కేసు అర్థమైందట. "మరి ఆ అయిదుగురికీ ఉద్యోగాలు వచ్చాయా?" అని అడిగాడట.