మీ దృష్టిలో ఐడియల్ ఫాంటసీ ఆర్పీజీ (మనమే ఒక పాత్రగా కథలో తిరిగే వీడియో గేమ్) ఎలా ఉండాలి? గ్రాఫిక్స్ సంగతి పక్కనపెట్టి చెప్పండి

అర్ధరాత్రి_మాంత్రికుడు:

బాల్డర్స్ గేట్ 3 రెండోసారి కూడా అయిపోయింది. అప్పట్నుంచి ఏ గేమ్ పెట్టినా గంటకే బోర్ కొట్టి మూసేస్తున్నాను. అసలు నాకేం కావాలో ఒకసారి రాసుకుందామని కూర్చుంటే తేలిందేంటంటే, మ్యాప్ ఎంత పెద్దదైనా, జుట్టు గాలికి ఎంత బాగా ఎగిరినా నాకు పెద్ద పట్టింపు లేదు. నేను లేకపోయినా ఆ లోకం దాని పని అది చేసుకుంటూ పోతోంది అనిపించాలి, అంతే.

దాదాపు ప్రతి ఫాంటసీ గేమ్‌లోనూ లోకం మునిగిపోతోంది తొందరగా రా బాబూ అంటారు. మనం చేపలు పట్టుకుంటూ, పేకాడుకుంటూ నెలల తరబడి తిరిగొచ్చినా ఆ విలన్ పాపం మన కోసం కాచుకునే ఉంటాడు. విచర్ 3లో హీరో పెంచిన అమ్మాయి సిరి ప్రాణాల మీదకి వచ్చిందని కథంతా మొత్తుకుంటుంటే నేను ఊరూరా తిరిగి గ్వెంట్ అనే పేకాట ఆడాను. ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ కాలేదు కూడా.

బాల్డర్స్ గేట్ 3లో నన్ను కుదిపిన చోటు ఒకటుంది. వాకీన్స్ రెస్ట్ అనే సత్రం తగలబడుతూ కనిపిస్తుంది. స్పెల్స్ (మంత్రాలు) అయిపోయాయి కదా, క్యాంపుకెళ్లి పడుకుని తెల్లారి వద్దామని వెళ్తే, తిరిగొచ్చేసరికి లోపలున్న వాళ్లు పోయారు. స్క్రీన్ మీద టైమర్ లేదు. గ్రిమ్‌ఫోర్జ్ అనే చోట రాళ్ల వెనక ఇరుక్కున్న నీర్ అనేవాడిదీ ఇదే వరస, ఆలస్యం చేస్తే అంతే సంగతులు. మళ్లీ అదే గేమ్‌లో మన తలలో దూరి, తొందరగా తియ్యకపోతే అంతే అని కథ భయపెట్టే పురుగు మాత్రం ఎన్ని రాత్రులు పడుకున్నా మనల్ని ఏమీ చెయ్యదు, అదే నాకు మండేది.

మీరైతే ఏమడుగుతారు? ఒక్కటే చెప్పాలి. "కథ బాగుండాలి, ఫైట్లు బాగుండాలి, అన్నీ ఉండాలి" అనే సమాధానాలు దయచేసి వద్దు.

పాత_క్యాంపు_ఖైదీ:

బ్రో, నువ్వు అడిగింది 2001లోనే వచ్చేసింది. గోథిక్. జర్మనీలో పిరానా బైట్స్ అనే చిన్న టీమ్ చేసింది. మ్యాప్ చూస్తే ఇప్పటి గేముల్లో ఒక మూలకి సరిపోతుంది, కానీ నేను దాన్ని మర్చిపోలేకపోతున్నాను.

అందులో మన హీరోకి పేరు కూడా ఉండదు. ఒక ఖైదీ. మాయా గోడ కట్టిన గనుల లోయలోకి తోసేస్తారు, వెళ్లడమే గానీ బయటికి రావడం ఉండదు. లోపల ఖైదీలు మూడు క్యాంపులుగా చీలిపోయి ఉంటారు, డబ్బుకి బదులు ఖనిజం ముద్దలు నడుస్తాయి. నువ్వెవరో ఎవడికీ అక్కర్లేదు. పరాయివాడి గుడిసెలోకి దూరావనుకో, ముందు బయటికి పొమ్మంటాడు, వినకపోతే కొడతాడు. ఓడిపోతే చంపడు, పడేసి నీ దగ్గరున్న ఖనిజం తీసుకుని తన పని తను చూసుకుంటాడు. నువ్వు లేచి దులుపుకుని వెళ్లాలి. ఊళ్లో ఊరికే కత్తి దూసి తిరిగినా లోపల పెట్టమని హెచ్చరిస్తారు. రాత్రయితే పడుకుంటారు, పొద్దున్నే లేచి పనికి పోతారు. ఇదంతా 2001లో!

నేనడిగే ఒక్కటి ఏంటంటే, లెవెల్ పెరిగితే అది కంటికి కనిపించాలి. గోథిక్‌లో లెవెల్ పెరిగితే పాయింట్లు వస్తాయి, కానీ వాటితో మెనూలో బటన్ నొక్కి బలం పెంచుకోవడం కుదరదు. నేర్పేవాడి దగ్గరికి నడిచి వెళ్లాలి, కొందరు ఫీజు కూడా అడుగుతారు. మొదట్లో మనవాడు ఒంటిచేతి కత్తిని రెండు చేతుల్తో పట్టుకుని కట్టెలు కొట్టినట్టు ఊపుతాడు. శిక్షణ తీసుకున్నాక ఒక్క చేత్తో పడతాడు, నిలబడే తీరు మారుతుంది, దెబ్బకి దెబ్బ కలుస్తుంది. "ప్లస్ 2 డ్యామేజ్" అని రాయక్కర్లేదు, చూస్తేనే తెలిసిపోతుంది. జంతువుని చంపినంత మాత్రాన తోలు రాదు, తోలు తియ్యడం కూడా ఎవడిదగ్గరో నేర్చుకోవాల్సిందే.

మొదట్లో అడవి కోడి లాంటి స్కావెంజర్ కూడా మనల్ని చంపేస్తుంది. అదే చోటికి చాలాసేపటి తర్వాత మంచి కవచం వేసుకుని వచ్చినప్పుడు ఉంటుంది చూడు ఆ మజా, ఏ కట్‌సీన్ (గేమ్ మధ్యలో వచ్చే సినిమా సీన్) ఇవ్వలేదు. కంట్రోల్స్ మాత్రం నరకం, ముందే చెప్తున్నా. కింద పడున్న వస్తువు తియ్యాలంటే కీబోర్డులో కంట్రోల్ కీ పట్టుకుని పై బాణం నొక్కాలి. అలవాటయ్యేదాకా తిట్టుకుంటావు.

బీటెక్_బార్డ్:

నా కోరిక ఒక్కటే అన్నా, నా లాప్‌టాప్‌లో నడవాలి. బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ కావాలట, అదీ ఎస్‌ఎస్‌డీలో. నా మొత్తం ఎస్‌ఎస్‌డీ 256 జీబీ. గేమ్ పెట్టుకోవాలా, ప్రాజెక్టు చేసుకోవాలా? పాత గేమ్ స్కైరిమ్‌తోనే బతుకుతున్నా.

నిద్రమొహం_ఎల్ఫ్:

ఇద్దరూ బాగా రాశారు గానీ నేను వేరే పక్కనుంచి మాట్లాడతాను. నాకు ఇంట్లో చిన్నపాప ఉంది, ఆఫీసు ఉంది. పాప పడుకున్నాక ముప్పావుగంట దొరికితే గొప్ప, అందులో పది నిమిషాలు "పోయిన వారం నేను ఎక్కడున్నాను, ఈ తాళంచెవి ఎవరిచ్చారు" అని వెతుక్కోవడానికే పోతుంది. మీరు అడిగే "చెప్పకుండా జరిగిపోయే" లోకం నాలాంటి వాళ్లకి శిక్ష. ఎల్డెన్ రింగ్ ఎంత ఇష్టమో చెప్పలేను, కానీ అందులో ఒకడు ఏదో గొణిగి వెళ్లిపోతాడు, మళ్లీ ఎక్కడో కొండ అవతల కనిపించాలి, మధ్యలో నేను ఇంకో బాస్‌ని చంపితే వాడి కథ తెగిపోతుంది. క్వెస్ట్ లాగ్ (చెయ్యాల్సిన పనుల చిట్టా) అన్నదే లేదు. 2022 మార్చిలో ఒక ప్యాచ్‌తో కలిసిన మనుషుల పేర్లు మ్యాప్ మీద వచ్చేలా చేశారు కాబట్టి కొంత నయం. వికీ తెరవకుండా ఆ కథలు పూర్తి చేసినవాళ్లు ఉంటే వాళ్లకో దండం.

మార్కర్లు (ఎటు వెళ్లాలో చూపే బాణం గుర్తులు) ఉంటే గేమ్ పాడైపోతుంది అనేవాళ్లకి ఒక మాట. స్కైరిమ్‌లో మార్కర్ ఆపేసి ఆడి చూశాను. ఆడలేం. ఎందుకంటే క్వెస్ట్ ఇచ్చేవాడు "ఫలానా గుహలో నా కత్తి ఉంది, తెచ్చిపెట్టు" అంటాడు, చాలాసార్లు ఆ గుహ ఏ దిక్కున ఉందో నోటితో చెప్పడు. బాణం గుర్తు ఉంటుందిలే అనే ధైర్యంతోనే ఆ డైలాగ్ రాశారు. 2002లో వచ్చిన మారోవిండ్‌లో మార్కర్ లేదు కాబట్టి, ఊరు దాటి వంతెన దగ్గర ఎడమకి తిరుగు, రెండు రాళ్ల మధ్య దారి పట్టుకో అన్నట్టు చెప్పేవాళ్లు. అది డైరీలో ఉండిపోయేది. అంటే మార్కర్ ఆపుకునే ఆప్షన్ ఇవ్వడం సరిపోదు, మార్కర్ లేకుండా ఆడేలా గేమ్‌ని ముందు తయారు చెయ్యాలి, తర్వాత నాలాంటి వాళ్ల కోసం మార్కర్ పెట్టాలి. తిరగేసి చేస్తున్నారు అందరూ.

నేనడిగే ఒక్కటి: ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, తిరిగొస్తే "నువ్వు ఇంతవరకు చేసింది ఇదీ" అని నా పాత్ర గొంతుతోనే నాలుగు ముక్కల్లో చెప్పాలి. డ్రాగన్లు తర్వాత చూసుకుందాం.

పాత_క్యాంపు_ఖైదీ:

మార్కర్ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ అండి. గోథిక్‌లో అయితే మ్యాపే మన దగ్గర ఉండదు, సంపాదించుకోవాలి. కానీ లోయ చిన్నది కాబట్టి చెల్లింది. ఇప్పటి సైజు మ్యాపుల్లో అదే పెడితే జనం రిఫండ్ అడుగుతారు.

ఆదివారం_పాచికలు:

నేను ఫ్రెండ్స్‌తో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే కథల ఆట) నడిపిస్తుంటాను, డీఎం అన్నమాట, అంటే కథ నడిపే మనిషి. టేబుల్ దగ్గర జరిగేదీ కంప్యూటర్‌లో జరగనిదీ ఒక్కటే: ఓడిపోవడం. టేబుల్ దగ్గర పాచిక పొరపాటున 1 పడితే ఆ సాయంత్రం అదే హైలైట్. గోడ ఎక్కబోయి కాపలావాడి ఒళ్లో పడ్డావా, సరే, వాడితో ఏం మాట్లాడతావో చెప్పు. అదే కంప్యూటర్‌లో 1 పడితే వేలు దానంతటదే ఎఫ్8 మీదకి వెళ్తుంది, పాత సేవ్ లోడ్. బాల్డర్స్ గేట్ 3లో అయితే నైపుణ్యం ఎంత ఉన్నా 1 పడితే ఫెయిలే. ఓడిపోతే నాలుగుసార్లలో మూడుసార్లు వచ్చేది ఫైటే కాబట్టి లోడ్ కొట్టేవాళ్లని తప్పుపట్టలేను.

దీనికి మందు విచర్ 3లో కొంత ఉంది. వెలెన్ అనే ప్రాంతంలో చెట్టు కింద బంధించి ఉన్న ఒక ఆత్మ ఎదురవుతుంది (స్పాయిలర్, ఆడనివాళ్లు ఈ పేరా వదిలెయ్యండి). విడిచిపెడితే ఆపదలో ఉన్న అనాథ పిల్లలు బతుకుతారు, కానీ ఒక ఊరు నాశనమవుతుంది, ఆ ప్రాంతాన్ని ఏలే బారన్ ఇంటి కథ చాలా ఘోరంగా ముగుస్తుంది. చంపేస్తే పిల్లలు దక్కరు. ఆ సంగతి మనకి తెలిసేది ఎప్పుడు? ఇంకో పది పనులు చేసేశాక. అప్పటికి వెనక్కి లోడ్ చెయ్యాలంటే ప్రాణం ఒప్పదు, ఎందుకొచ్చిందిలే అని ఆ తప్పుతోనే ముందుకెళ్తాం. సేవ్ ఫైళ్ల మీద ఆంక్షలు పెట్టడం కంటే ఇది చాలా తెలివైన పద్ధతి. ఫలితం ఆలస్యంగా రావాలి, నేనడిగేది అదే.

ఇంకోటి కూడా చెప్పి ఆపుతాను, రూల్ బ్రేక్ చేస్తున్నందుకు సారీ. గేమ్ తన రూల్స్‌ని తను సీరియస్‌గా తీసుకోవాలి. బాల్డర్స్ గేట్ 3లో చచ్చినవాళ్లతో మాట్లాడే స్పెల్ ఉంది కదా, నువ్వే చంపినవాడి శవాన్ని లేపి అడిగితే నీతో మాట్లాడదు, హంతకుడితో మాటలేంటి? కానీ వేషం మార్చుకునే స్పెల్ వేసుకుని వెళ్లావంటే గుర్తుపట్టక చెప్పేస్తుంది. ఇది మొదటిసారి వర్కవుట్ అయినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.

అర్ధరాత్రి_మాంత్రికుడు:

వేషం ట్రిక్ నాకు తెలీదు!! రెండుసార్లు ఆడి ఏం లాభం.

ఎల్ఫ్ గారూ, మీ పాయింట్ తీసుకున్నాను. నేనడిగే లోకంలో కూడా డైరీ ఉండొచ్చు, దానికీ దీనికీ గొడవ లేదు. సత్రం కాలుతోంది అని డైరీలో రాస్తే చాలు, "రేపటికి ఉండదు" అని నేను అర్థం చేసుకోవాలి.

గాల్లోంచి_పడ్డవాడు:

మారోవిండ్ పేరెత్తాక రాయకుండా ఉండలేను. గేమ్ మొదలైన ఊరు దాటి కొంచెం నడిస్తే ఆకాశంలోంచి కేక వినిపిస్తుంది, ఒక మాంత్రికుడు దబ్బున పడి చస్తాడు. జేబులో మూడు మంత్రపత్రాలు ఉంటాయి. ఒకటి చదివి ఎగిరితే లోకం అవతలికి పోతాం, అద్భుతం. దిగేటప్పుడు వాడి గతే మనకీ పడుతుంది. ఆ గేమ్ మొత్తం ఏంటో ఆ ఒక్క శవం చెప్పేసింది: ఇక్కడ మాయలు నిజంగానే పనిచేస్తాయి, నిన్ను కాపాడే బాధ్యత మాత్రం మాది కాదు. కథకి ముఖ్యమైన మనిషిని చంపేసినా ఆపదు, జోస్యం దారం తెగిపోయింది, పాత సేవ్‌కి వెళ్తావో ఈ పాడైపోయిన లోకంలోనే ఉంటావో నీ ఇష్టం అని మెసేజ్ ఇచ్చి వదిలేస్తుంది. స్కైరిమ్‌లో అలాంటివాళ్లు ఎంత కొట్టినా చావరు, మోకాలి మీద కూర్చుని, కాసేపయ్యాక లేచి నిలబడతారు.

అదే సిరీస్‌లో 2006లో వచ్చిన ఆబ్లివియన్‌తో మొదలైంది దరిద్రం. మన లెవెల్‌తో పాటు శత్రువులూ పెరుగుతారు. దారిలో చిల్లర దోచుకునే దొంగ కూడా గ్లాస్ ఆర్మర్ (చాలా ఖరీదైన కవచం) వేసుకుని నిలబడి వంద బంగారు నాణాలు ఇవ్వమంటాడు. ఒరేయ్, నువ్వు వేసుకున్నది అమ్ముకుంటే జీవితాంతం కూర్చుని తినొచ్చు కదరా! ఖైదీ అన్న చెప్పిన ఆ "తిరిగొచ్చి కొట్టే మజా" చచ్చిపోయేది ఇక్కడే. నేనడిగేది: కొన్ని చోట్లు నాకు ఇంకా పనికిరావు అని లోకమే చెప్పాలి, చావగొట్టి మరీ. ఎల్డెన్ రింగ్‌లో మొదట్లోనే గుర్రం మీద బంగారు కవచంవాడు తిరుగుతుంటాడు చూశారా, అలాగ.

చిలకలో_ప్రాణం:

అందరూ వాళ్ల గేముల గురించే చెప్తున్నారు, నేను లేని గేమ్ గురించి చెప్తా. పుణేవాళ్లు చేసిన రాజీ అనే గేమ్ 2020లో వచ్చింది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ అది యాక్షన్ అడ్వెంచర్, మనం మాట్లాడుకునే రకం కాదు. నాకు కావలసింది మన వరాలూ శాపాలతో నడిచే ఆర్పీజీ. హిరణ్యకశిపుడికి హెల్త్ బార్ (ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత) ఏంటి? పగలు చావడు, రాత్రి చావడు, ఇంట్లో చావడు, బయట చావడు, అలాంటివాడిని కత్తితో వందసార్లు కొడితే ఏం లాభం? బాస్‌ని ఓడించడం అంటే వాడి వరంలో సందు వెతకడం అవ్వాలి. అమ్మమ్మలు చెప్పే కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండేది కదా, ఆ చిలక ఎక్కడుందో కనుక్కోవడమే అసలు గేమ్. వాడి వంటవాడిని మచ్చిక చేసుకో, బందీగా ఉన్న రాకుమారితో మాట్లాడించు, దొరికిన ముక్కలు అతికించుకో. నీకు కూడా వరం అడిగే ఛాన్స్ ఉండాలి, నోరు జారి తప్పుగా అడిగితే అనుభవించాలి కూడా.

బీటెక్_బార్డ్:

సూపర్ అన్నా, కానీ రిలీజైన రోజు సాయంత్రానికే "చిలక ఇక్కడుంది" అని యూట్యూబ్‌లో వీడియో వస్తుంది.

చిలకలో_ప్రాణం:

ప్రతి కొత్త ఆటకీ చిలక చోటు మారాలి. వరంలో షరతులు కూడా మారాలి.

ఆదివారం_పాచికలు:

మార్చడం తేలికే, ఆ మార్పుకి తగ్గట్టు వంటవాడి డైలాగులు, రాకుమారి డైలాగులు అన్నీ వేరేగా రాసి గొంతు ఇప్పించాలి, ఖర్చంతా అక్కడే. వాయిస్ లేకుండా రాత మీదే నడిస్తే చిన్న టీమ్ కూడా చెయ్యగలదు. మారోవిండ్‌లో కూడా చాలావరకు చదవడమే కదా. వచ్చే ఆదివారం నా టేబుల్ మీద ఈ మాంత్రికుణ్ని పెట్టేస్తున్నా, పర్మిషన్ ఇచ్చినట్టే కదా?

చిలకలో_ప్రాణం:

పెట్టుకోండి. రాకుమారిని మాత్రం ఏడుస్తూ కూర్చోబెట్టకండి, మావాళ్లు ఒప్పుకోరు.